'ది వైర్' చివరి సీజన్: చల్లారని కోపం

డేవిడ్ సైమన్ రూపొందించిన 'ది వైర్' (2002–2008) బాల్టిమోర్ నగరాన్ని ఒక్కొక్క వ్యవస్థ ద్వారా పరిశీలించిన ధారావాహిక. మాదకద్రవ్యాల వీధులు, రేవు, నగరపాలన, పాఠశాల అయిన తరువాత ఐదవ సీజన్ పత్రికా కార్యాలయంలో అడుగుపెట్టింది. 10 ఎపిసోడ్ల ఈ సీజన్ అన్నిటికన్నా చిన్నది, బలహీనమైనది కూడా.

సాధారణంగా వినవచ్చే ఆక్షేపణ మెక్‌నల్టీ కథ గురించి. ఆగిపోయిన దర్యాప్తుకు నిధులు రాబట్టడానికి అతడు నిరాశ్రయుల శవాలపై గొంతు నులిమిన ఆనవాళ్లు కల్పించి, లేని హంతకుణ్ణి సృష్టిస్తాడు. ఇది పూర్తిగా అసంభవమనడం తొందరపాటు. మరణానంతరం మెడపై పడిన ఒత్తిడి కూడా హత్యను పోలిన గుర్తులు మిగల్చగలదన్న సంగతి మీద ఆ కథ నిలబడింది. (గాయం ప్రాణం పోకముందుదా, పోయిన తరువాతదా అన్నది తేల్చడం వైద్యులకు అన్నివేళలా సులభం కాదు.)

అసలు లోపం పత్రిక కథలో ఉంది. నాలుగవ సీజన్‌లో పిల్లల పతనానికి ఏ ఒక్కరినీ వేలెత్తి చూపలేం. మనసున్న ఉపాధ్యాయుడు ప్రెజ్ సైతం డ్యూకీని కాపాడలేకపోతాడు. ఇక్కడ మాత్రం వార్తలు కల్పించే టెంపుల్టన్ దుష్టుడు, సంపాదకుడు గస్ హేన్స్ సత్యసంధుడు. సైమన్ ఒకప్పుడు 'బాల్టిమోర్ సన్' విలేకరి. పోలీసులనూ రాజకీయులనూ అర్థం చేసుకోగలిగిన చూపు సొంత వృత్తి దగ్గరికి వచ్చేసరికి మసకబారింది.

అయితే ఓమర్ మరణవార్తకు అదే పత్రికలో చోటు దొరకదు. టెంపుల్టన్ అబద్ధాలన్నిటికన్నా ఈ మౌనమే పత్రిక గురించి ఎక్కువ చెబుతుంది. వీధులన్నీ భయపడిన ఆ మనిషి పేరుచీటీ శవాగారంలో మరొకరి శవం మీద ఉంటుంది. అక్కడి ఉద్యోగి గమనించి, మార్చి, వెళ్లిపోతాడు.