అన్వేషణా, రంగస్థలమా? ఓ గోదారి తగువు

రాజమండ్రి కోటిలింగాల రేవులో పొద్దుగూకాక మెట్లమీద కూర్చున్నామంటే మా మేనల్లుడికీ నాకూ ఒకటే తగువు. "మావయ్యా, నువ్వు అడవిని చూసి మురిసిపోతున్నావు. హత్యంటే ఊళ్లో జరగాలి. తెలిసినోడు చెయ్యాలి. అప్పుడు కదా గుండె జారేది" అంటాడు. వాడిది రంగస్థలం పార్టీ. నాది అన్వేషణ పార్టీ. నలభై ఏళ్లుగా పార్టీ మారలేదు, ఇక మారను కూడా. కానీ వాడి మాటలో సత్తా ఉందని ఒప్పుకోబట్టే ఈ వ్యాసం రాస్తున్నాను.

రెండూ గోదారి బిడ్డలు తీసిన నేరకథలే. 1985లో అన్వేషణ తీసిన వంశీది పసలపూడి వైపు. 2018 మార్చి 30న రంగస్థలం విడుదల చేసిన సుకుమార్‌ది రాజోలు దగ్గర మట్టపర్రు. సినిమాల్లోకి రాకముందు ఆయన కాకినాడలో లెక్కల మాస్టారు. ఇద్దరూ ఒకే నది నీళ్లు తాగి పెరిగారు. అయినా హత్య చెయ్యాల్సి వచ్చేసరికి వంశీ నదిని వదిలేసి అప్పటి చిత్తూరు జిల్లా తలకోన అడవికి వెళ్లిపోయాడు. సుకుమార్ గట్టుమీదే ఉండిపోయాడు. ఎందుకని?

నాకు తోచింది చెప్తాను. మన డెల్టాలో దాక్కోవడానికి చోటు లేదు. కనుచూపు మేర వరిచేలు, కాలవగట్టు, వరసన కొబ్బరిచెట్లు. గట్టుమీద మనిషి నడుస్తుంటే అర మైలు దూరాన్నుంచే ఫలానా వాళ్ల రెండోవాడని గుర్తుపడతాం. ఇక్కడ రహస్యం నీడలో దాగదు, జనం నోట్లో దాగుతుంది. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. వంశీకి కావలసింది నీడ, అందుకే అడవి. సుకుమార్‌కి కావలసింది మూతబడ్డ నోళ్లు, అందుకే ఊరు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే రెండు సినిమాల పనితనమూ విడివడి కనిపిస్తుంది.

అపరాధ పరిశోధన మనవాళ్లకి కొత్త కాదు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు పుణ్యాన అద్దె లైబ్రరీలు కళకళలాడాయని మా పెద్దవాళ్లు చెప్పేవారు. వెండితెరమీద గూఢచారి 116 (1966), అవేకళ్లు (1967) వచ్చాయి. అవి బాగున్నాయి, ఆడాయి. కానీ వాటిలో భయం కథలో ఉండేది, లేదా మేకప్‌లో ఉండేది. శబ్దంలో భయం పెట్టినవాడు నాకు తెలిసి తెలుగులో వంశీయే.

అన్వేషణ కథ రెండు ముక్కల్లో చెప్పుకోవచ్చు. అడవిలో మనుషులు చచ్చిపోతుంటారు. పులి చంపిందంటారు. పక్షుల కూతల్లో స్వరాలు వెతకడానికి హేమ అనే సంగీతం చదివిన అమ్మాయి అదే అడవికి వస్తుంది. ఈ పొందిక ఎంత గొప్పదో చూడండి. ఒక డిటెక్టివునో, ఇన్‌స్పెక్టరునో కాదు, చెవి ఉన్న మనిషిని తీసుకొచ్చి హత్యల మధ్యలో నిలబెట్టాడు దర్శకుడు. ఆమె వినడానికి వచ్చింది. కాబట్టి ప్రేక్షకుడు కూడా వినడం మొదలుపెడతాడు. ఆకు కదిలినా వింటాడు. ఎక్కడో పిట్ట ఠక్కున కూత ఆపేసినా వింటాడు. హేమగా వేసిన మన రంగంపేట అమ్మాయి భానుప్రియ కళ్ల సంగతి అందరూ చెప్తారు. నేను మాత్రం ఈ సినిమాలో ఆమె తల తిప్పే తీరు చూడమంటాను. చూసి తిరగడం వేరు, విని తిరగడం వేరు. ఆమె విని తిరుగుతుంది.

ఇక ఇళయరాజా. ఆయన్ని పొగడటానికి నా దగ్గర మాటలు చాలవు. హిచ్‌కాక్ 1963లో ద బర్డ్స్ తీసినప్పుడు మామూలు నేపథ్యసంగీతం వద్దని, యంత్రంతో పుట్టించిన పక్షుల అరుపులతోనే జనాన్ని హడలగొట్టాడు. ఇళయరాజా దారి వేరు. పిట్ట కూత పాటవుతుంది, అదే పాట కాసేపటికి బెదురవుతుంది. బాలూ జానకీ పాడిన కీరవాణి పాట ఆ కీరవాణి రాగంలోదే, మేళకర్తల్లో ఇరవై ఒకటోది. ఆ రాగంలో తియ్యదనమూ ఉంది, ఏదో పోగొట్టుకున్న దిగులూ ఉంది. ప్రేమపాటని ఆ రాగంలో కట్టి హత్యల కథలో పెట్టేసరికి, ప్రేమికులిద్దరూ కొండల్లో పరుగెడుతుంటే మనకి ఆనందంతో పాటు చిన్న వణుకు. వేటూరి గారు దానికి తగ్గట్టు మాటలు అందించారు. ఈ సినిమాలో పాట వస్తే బీడీకి బయటికి పోయేవాడు నష్టపోయాడు, ఎందుకంటే పాటలూ ఆ వెతుకులాటలో భాగమే.

ఎం.వి. రఘు కెమెరా గురించి ఒక మాట చెప్పకపోతే పాపం తగులుతుంది. చెట్ల వెనకనుంచి వెలుగు, మధ్యలో పొగమంచు, ముందు నల్లటి ఆకారం. ముఖం కనపడదు, మనిషి ఉన్నాడని తెలుస్తుంది, అంతే. ఒక్కోచోట కెమెరాయే చెట్ల సందుల్లోంచి దూసుకొస్తుంది. ఆ చూపు పులిదా, మనిషిదా? ఆ ప్రశ్న నీలో పుట్టించి జవాబు చెప్పకుండా దాటేస్తాడు. మూడేళ్ల తర్వాత ఇదే రఘు గొల్లపూడి గారి నాటకాన్ని గుడ్డి బిచ్చగాళ్ల సినిమాగా, కళ్ళు పేరుతో, తానే దర్శకత్వం వహించి తీశాడు. చూపు విలువ తెలిసిన చెయ్యి అది. వంశీ సినిమాల కూర్పరి అనిల్ మల్నాడ్‌కి సితార (1984) జాతీయ అవార్డు తెచ్చింది. అదే సితారకి జానకమ్మ కూడా జాతీయ అవార్డు అందుకున్నారు. అలాంటి పనిమంతులందరూ ఒకేచోట చేరిన రోజులవి.

శరత్‌బాబు, సత్యనారాయణ, రాళ్లపల్లి, ఎవరి ముఖం చూసినా అనుమానమే. అసలు హంతకుడెవరో ఇక్కడ రాయను. నలభై ఏళ్ల సినిమా అయినా ఆ ముడి విప్పే హక్కు నాకు లేదు.

ఇప్పుడు మా మేనల్లుడి సినిమాకి వద్దాం. రంగస్థలం కథకి పునాది కూడా చెవే, చిత్రమేమిటంటే తిరగేసిన చెవి. చిట్టిబాబుకి సరిగ్గా వినపడదు. చేలకి ఇంజనుతో నీళ్లు తోడతాడు, ఊరంతా సౌండ్ ఇంజనీరంటుంది. చెవి మిషన్ పెట్టుకోవడానికి నామోషీ. పక్కనే ఉండి చెవిలో అరిచే మహేశ్ లేకపోతే సగం లోకం అతనికి మూగదే. ముప్పై ఏళ్లుగా ప్రెసిడెంటు కుర్చీలో కూర్చున్న ఫణీంద్ర భూపతి సొసైటీ అప్పుల పేరు చెప్పి ఊళ్లో పొలాలు లాక్కుంటూ ఉంటాడు. ఇది మన పల్లెల్లో అసలైన నేరం. కత్తి తర్వాత వస్తుంది, ముందు వచ్చేది సొసైటీ కాగితం. వేలిముద్ర వేసినవాడికి దానిమీద ఏముందో చదవడం రాదు. ఈ సంగతిని ఇంత సూటిగా పెద్ద హీరో సినిమాలో పెట్టినందుకు సుకుమార్‌కి దండం పెడతాను.

అన్న కుమార్‌బాబు ఎన్నికల్లో నిలబడతాడు. చంపేస్తారు. కొన ఊపిరితో తమ్ముడికి ఏదో చెప్పబోతాడు. తమ్ముడికి వినపడదు. ఆ ఘట్టం గురించి నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నాను: అన్వేషణలో అంత బరువైన సన్నివేశం ఒక్కటి కూడా లేదు. కథంతా నవ్వులకి వాడుకున్న చెవుడు ఆ ఒక్క నిమిషంలో శాపమైపోతుంది. ఆ పైన చంద్రబోస్ తానే రాసి తానే పాడిన పాట. థియేటర్లో నా పక్కన కూర్చున్న పెద్దాయన కండువా మొహాన కప్పుకున్నాడు.

లెక్కల మాస్టారు పనితనం అంతా చివర్లో తేలుతుంది. మొదటి రీల్లోనే సైకిలేసుకుని ఆదరాబాదరాగా పరుగెత్తే చిట్టిబాబు, ప్రమాదంలో పడ్డ దక్షిణామూర్తి అనే పెద్దమనిషి. ఆ పెద్దమనిషికి నెలల తరబడి సేవ చేస్తాడు. మనం అది కృతజ్ఞతనుకుంటాం. ఆయన్ని బతికించింది తన చేత్తో చంపడానికని మూడు గంటల తర్వాత తెలుస్తుంది. జవాబు ముందే బోర్డుమీద రాసేసి, లెక్క ఆఖర్న చెప్పిన మాస్టారన్నమాట. ఇంకోటి: కుమార్‌బాబుని చంపింది ఊరు వేలెత్తి చూపిన ప్రెసిడెంటు కాదు, కూతురు తక్కువ కులంవాణ్ని ప్రేమించిందని ఉడికిపోయిన ఆ పెద్దమనిషే. మా వాడన్న మాట అక్షరాలా నిజం, తెలిసినోడే చేశాడు.

ఆ సినిమా శబ్దమిశ్రణానికి ఎం.ఆర్. రాజాకృష్ణన్‌కి 66వ జాతీయ అవార్డు వచ్చింది. వినపడని మనిషి కథకి శబ్దానికి అవార్డు! అది ఊరికే రాలేదు. చిట్టిబాబు చెవిలోంచి లోకం ఎలా వినపడుతుందో ఒకసారి గమనించి చూడండి. రత్నవేలు కెమెరా, రామకృష్ణ మోనికల కళాదర్శకత్వం కూడా గొప్పవే. పల్లె సెట్టు హైదరాబాద్‌లో వేశారని తర్వాత తెలిసి మా వీధిలో చాలామంది నమ్మలేదు.

మరి ఇంత చెప్పి అన్వేషణే ఎందుకంటాను? మా తగువు ఆగేది ఇక్కడే. రంగస్థలంలోంచి ఆ చివరి మలుపు తీసేయండి. సినిమా నిలబడుతుంది. అన్నదమ్ముల కథగా, ఊరి కథగా, ఎన్నికల కథగా నిలబడుతుంది. మా మేనల్లుడు దీన్ని గొప్పంటాడు. నేనైతే నేరకథకి ఇదే లోటంటాను. అన్వేషణలోంచి హంతకుణ్ని తీసేస్తే పాట మిగలదు, పక్షి మిగలదు, అడవి మిగలదు. ప్రతి ఇటుకా ఆ ఒక్క ప్రశ్న మీదే ఉంది. రంగస్థలం మంచి సినిమా, ఆ మాట వంద సార్లంటాను. కానీ దానికి జిగేలు రాణి పాట కావాల్సి వచ్చింది, ఫైట్లు కావాల్సి వచ్చాయి, మూడు గంటలు కావాల్సి వచ్చాయి. వంశీకి ఓ అడవి, ఓ పిట్ట కూత, ఓ పులి అబద్ధం సరిపోయాయి. పెద్ద హీరో లేడు, పెద్ద ఖర్చు లేదు. దొరికినదాంతో ఇంత భయం వండిన చెయ్యి పెద్దదా, అన్నీ ఉన్న వంటింట్లో విందు చేసిన చెయ్యి పెద్దదా?

నా అసలు కోపం రంగస్థలం మీద కాదు. దాని తర్వాత వచ్చినవాటి మీద. ఆ సినిమా ఆడింది కదాని ప్రతివాడూ గెడ్డం పెంచి, లుంగీ ఎగ్గట్టి, ప్రతి మాట చివరా ఓ "ఆయ్" తగిలించి గోదారి యాస అంటున్నాడు. మా అమ్మమ్మ ఊళ్లో ఎవరూ అలా మాట్లాడరు. "ఆయ్" అనేది గౌరవంగా వింటున్నానని చెప్పే మాట. దాన్ని వెకిలి చేశారు. పైనుంచి డ్రోన్ వేసి కొబ్బరితోట చూపిస్తే గోదారి అయిపోదు. గట్టుమీద కూర్చుని నాలుగు రోజులు వినాలి.

నేరచిత్రాల పరిస్థితి ఇంకా దారుణం. వాన, ముసుగు, డబ్బాలో శవం, గోడమీద ఫొటోలు, వాటి మధ్య ఎర్రదారం, చిన్నప్పుడు ఎవరో కొట్టారని పెద్దయ్యాక పదిమందిని చంపే పిచ్చివాడు. ఏ ఊరి కథో తెలియదు. ఎవరు (2019) ఓ స్పానిష్ సినిమా ఆధారంగా వచ్చింది, అది నీటుగా కుట్టిన చొక్కా, కాదనను. కానీ కొలతలు మనవి కావు. ఇక సంగీతం సంగతి! తలుపు తెరిస్తే ఢాం, పిల్లి దూకితే ఢాం. ఢాం అనగానే ఉలిక్కిపడటం చెవి చేసే పని. భయపడటం మనసు చేసే పని. పిట్ట కూత ఆగిపోయిన ఆ రెండు క్షణాల నిశ్శబ్దం రాయగలవాళ్లు ఇప్పుడెంతమంది? రాసినా వినేదెవరు? సెల్‌ఫోన్లో పది సెకన్ల చొప్పున ముందుకు నెట్టుకుంటూ సినిమా చూస్తున్నాం. పాటొస్తే నెట్టేస్తున్నాం. అన్వేషణని అలా చూసి "ఏముంది ఇందులో" అన్న కుర్రాణ్ని చూశాను. కడుపు రగిలిపోయింది.

నాకు దొరికిన అన్వేషణ కాపీలన్నీ వెలిసిపోయినవే. రఘు పెట్టిన నీడలు మురికిపట్టిన గోడల్లా కనిపిస్తాయి. ఇళయరాజా వీణకీ వాననీటికీ తేడా తెలియదు. పాత చిత్రాలని శుభ్రం చేసే వసతి ఇవాళ దేశంలో ఉంది, చేస్తున్నారు కూడా. అన్వేషణ నెగటివ్ ఎవరి చేతిలో ఉందో వాళ్లని చేతులెత్తి అడుగుతున్నాను. దాన్ని బాగుచేయించండి. బొమ్మతో పాటు శబ్దాన్నీ బాగుచేయించండి. బాగయ్యాక మొదటి ఆట రాజమండ్రిలో వేయండి. మా మేనల్లుడి టికెట్టు కూడా నేనే కొంటాను.

అప్పటిదాకా మీకు దొరికిన కాపీతోనే, రాత్రి తొమ్మిది దాటాక, లైట్లార్పి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూడండి. ముందు రంగస్థలం చూడండి, మర్నాడు అన్వేషణ చూడండి. చూసినవాళ్లు ఎవరికీ అన్వేషణ హంతకుడి పేరు చెప్పకండి.