‘ఫ్రీ’ యను మాట

అన్యభాషాపదము మన భాషలోనికి వచ్చునపుడు తన యర్థములన్నింటిని వెంటబెట్టుకొని రాదు. మనకు కావలసిన యర్థమును లోనికి రానిచ్చి, తక్కినవానిని గుమ్మము నొద్దనే నిలిపివేయుదుము. దేనిని రానిచ్చితిమో, దేనిని నిలిపితిమో పరిశీలించినచో ఆ పదమును గూర్చి కంటె మనలను గూర్చియే యెక్కువ తెలియును. ‘ఫ్రీ’ యను నింగ్లీషు మాట యిందుకు మంచి నిదర్శనము.

చిలకలూరిపేట వీథులలో నొక్కదినము చెవియొగ్గి తిరిగినచో ఈ మాట పలు విధముల వినబడును. బట్టల దుకాణమున ‘రెండు కొంటే ఒకటి ఫ్రీ’ యని పలక వ్రేలాడుచుండును. అచట దాని యర్థము వెలలేనిది. దర్జీ ‘భుజాల దగ్గర కాస్త ఫ్రీగా ఉంచమంటారా?’ యని యడుగును, అది వదులు. వైద్యుడు ‘విరేచనం ఫ్రీగా అవుతోందా?’ యని ప్రశ్నించును, అది సాఫీ. మిత్రుడు ‘సాయంత్రం ఫ్రీయేనా?’ యనును, అది తీరిక. యంత్రములు బాగుచేయువాడు చమురు వేసి ‘ఇప్పుడు ఫ్రీ అయింది’ అనును. అది బిగువు సడలుట. ఇక పొలము మోటారునకు 2004వ సంవత్సరము నుండి వచ్చుచున్న విద్యుత్తు ‘ఫ్రీ కరెంటు’.

ఇన్ని యర్థములు వచ్చినవి గాని, ఆంగ్లమున దీనికి ముఖ్యమైన ‘స్వతంత్రము’ అను నర్థము మాత్రము మన వాడుకలోనికి రాలేదు. దానికి మనము సంస్కృతపదమును కేటాయించి, సభావేదికలకును ఆగస్టు 15వ తేదీకిని భద్రపరచితిమి. ఒక్కచోట మాత్రము ఆ యర్థపు నీడ ప్రవేశించినది, ప్రవేశించియు వక్రించినది. ‘అతను చాలా ఫ్రీ’ యన్నచో దాపరికము లేనివాడు, కలుపుగోలు మనిషి యని మెప్పు. ‘ఆమె చాలా ఫ్రీ’ యని చెప్పునపుడో, చెప్పువారి గొంతు తగ్గును. వినువారి కనుబొమలు లేచును. మాట యొకటే, పురుషునకు ప్రశంస, స్త్రీకి నింద. ఈ దోషము ఇంగ్లీషు మాటది కాదు, దానిని వాడు నోటిది.

ఈ పదము పుట్టుక యెరిగినచో మన తప్పు మరింత స్పష్టమగును. ‘ఫ్రీ’ యను మాటయు మన ‘ప్రియ’ శబ్దమును ఒకే మూలధాతువునుండి పుట్టిన తోబుట్టువులని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఆంగ్లమున స్నేహితునికి వాడు ‘ఫ్రెండు’ కూడ ఆ కుటుంబములోనిదే. పూర్వము జర్మానిక జాతులలో ఇంటిలోని ప్రియమైనవారు, అనగా రక్తసంబంధులు, స్వతంత్రులు, తక్కినవారు దాసులు. ఈ విధముగా ప్రియత్వమే స్వాతంత్ర్యమునకు చిహ్నమాయెను. తెలుగున ‘ప్రియము’ వేరొక దారి పట్టి, ‘మిరపకాయలు ప్రియమైనవి’ యనునపుడు అధికమైన వెలను తెలుపుచున్నది. ఒక సోదరి వెలలేనిదై, మరియొకతె వెల హెచ్చినదై యొకే సంతలో తిరుగుచున్నారు.

వెల లేకుండ నిచ్చుటకు మనకు మాటలు లేవా? ‘ఉచితము’ ఉన్నది. సంస్కృతమున దీని యర్థము తగినది యని. దానికి వ్యతిరేకమైన ‘అనుచితము’ నేటికిని ఆ యర్థమునే నిలుపుకొన్నది. తగినవారికి తగినది యిచ్చుట యను గౌరవము ‘ఉచితము’న నణగియున్నది. మరియొక ప్రక్క ‘వెట్టి’ యున్నది. వెల యీయక పరుల శ్రమను లాగుకొనుట. దీనిని రాజ్యాంగపు 23వ అధికరణము నిషేధించినది. 1976లో ప్రత్యేక చట్టమును వచ్చినది. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఒక సత్యము తేటపడును: పుచ్చుకొనువానికి ‘ఫ్రీ’ యైనది ఇచ్చువానికి దానమైన గావలెను, వెట్టియైన గావలెను. ‘ఫ్రీ’ యనుచో నా భేదము కప్పబడిపోవును.

2025వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన ఆంధ్రప్రదేశమున ‘స్త్రీశక్తి’ యను పేర పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము ఆరంభమైనది. ఈ మధ్య చిలకలూరిపేట నుండి గుంటూరు పోవు పల్లెవెలుగులో, కూలిపనికి పోవు స్త్రీలు కొందరెక్కగా ఒక పెద్దమనిషి ‘ఫ్రీ అనేసరికి అందరూ బయలుదేరారు’ అని విసుగుకొనెను. వారిలో వయసు మీరిన యామె కోపగింపక, ‘ఇంట్లో ఇన్నేళ్ళు చేసిన చాకిరీ కూడా ఫ్రీయేగా బాబూ!’ అనెను. బస్సు గొంత దూరము నిశ్శబ్దముగా పోయెను. తన పొలమునకు కరెంటు ఫ్రీ యని ఆ పెద్దమనిషియే తరువాత మాటలలో చెప్పెను. అందుకు మాత్ర మాయన సిగ్గుపడినట్లు కానరాలేదు.

ఈ వ్యయము ప్రజాధనమునుండియే వచ్చుచున్నదనుట నిజము. దానిని భరింపగలమా యని లెక్క యడుగుట పౌరుని ధర్మమే. కాని లెక్క యడుగుట వేరు, మనిషిని చులకన చేయుట వేరు. సున్న రూపాయల టిక్కెట్టు చేతబట్టుకొని యొకతె ఆసుపత్రికి, ఒకతె కళాశాలకు, ఒకతె పుట్టినింటికి పోవుచున్నప్పుడు, అందు వెలలేమి మాత్రమే గాక, ఎవరిని డబ్బు లడుగకుండ గడప దాటగల స్వేచ్ఛయు గలదు. మనము గుమ్మమున నిలిపిన యర్థమే బస్సెక్కి వచ్చినది. దానిని గుర్తింపక, తేరగా దొరికినదని నవ్వుట భాషాదోషము మాత్రమే కాదు.

కావున గృహస్థులారా, ‘ఫ్రీ’ యను మాటను భాషనుండి వెడలగొట్టవలెనని నేను కోరను. అది సాధ్యమును గాదు. ఇంటిలో ఏదైన ‘ఫ్రీ’గా జరుగుచున్నదని తోచినప్పుడు దాని వెల నెవరు చెల్లించుచున్నారని యొక్కసారి యడుగుడు. ఇల్లాలి తెల్లవారుజాము, ఆడపిల్ల మానుకొన్న చదువు ఆ లెక్కలోనికి రావచ్చును. ఇంటిలోని ప్రియమైనవారే స్వతంత్రులను పాత యర్థము మన యిండ్లలోనైన నిజమగుగాక.