లేబర్: ఒక మాట, పలు సంబంధాలు

ఇంగ్లీషులో 'లేబర్' చాలా మామూలు మాట. పని, శ్రమ, ప్రయాస, కూలిజనం, ప్రసవవేదన అంటూ దానికి మన నిఘంటువులు వరసగా అర్థాలిస్తాయి. విద్యార్థి వాటిని పర్యాయపదాలుగా కంఠతా పడతాడు. అనువాదకుడు వాటిలో ఒకటి ఏరుకుంటాడు. కవి మాత్రం ఎప్పుడూ 'శ్రమ'నే తీసుకుంటాడు. పర్యాయపదాలంటే ఒకే వస్తువుకు వున్న వేర్వేరు పేర్లని మనం బడిలో నేర్చుకున్నాం, నేర్పుతున్నాం. సూర్యుడి విషయంలో అది నిజమే. ఎన్ని పేర్లున్నా సూర్యుడొక్కడే. పని విషయంలో అది నిజం కాదు. పనికి వున్న ప్రతి పేరూ మనిషికీ మనిషికీ మధ్య వున్న ఒక ప్రత్యేక సంబంధానికి పేరు. 2016లో పలు జిల్లాలుగా విడిపోయిన పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల జనం మాటల ఆధారంగా ఈ విషయాన్ని చర్చించడం, రచయితలకు దానితో వున్న పనేమిటో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు ఆ ఇంగ్లీషు మాట సంగతి. లాటిన్ మూలంలోనే దానికి కష్టం, బాధ అనే అర్థాలున్నాయి. కాన్పు నొప్పులకు కూడా ఆ మాటే చెల్లడం అందువల్లనే. మన ఊళ్లలో "కష్టం చేసుకొని బతుకుతున్నం" అంటారు. అక్కడ కష్టమంటే పనీ అదే, బాధా అదే. ఇంగ్లీషులో దీని పక్కనే 'వర్క్' అనే మాట కూడా వుంది. ఈ జంటను ఎంగెల్స్ గమనించాడు. 'కాపిటల్' మొదటి సంపుటం నాలుగో జర్మన్ ముద్రణకు (1890) చేర్చిన ఒక పాదసూచికలో దీన్ని ప్రస్తావించాడు. ఉపయోగపు విలువను సృష్టించే పనిని ఒక మాటతోనూ, విలువను సృష్టిస్తూ పరిమాణంలో కొలతకు వచ్చే పనిని మరో మాటతోనూ చెప్పగల సౌకర్యం ఇంగ్లీషుకు వుందని ఆయన భావం. అక్కడ తేడా పని స్వభావంలో వుంది. మన పల్లె మాటల్లో తేడా మరోచోట వుంది: పని చేయించేది ఎవరు, ఏ కట్టుబాటు మీద అన్నదానిలో.

వెట్టిని తీసుకుందాం. దొర గడికీ, పటేల్ పట్వారీలకూ, నిజాం కాలపు అధికారులకూ కూలి లేకుండా చేయవలసి వచ్చిన పని అది. అప్పు వున్నా లేకపోయినా కులాన్ని బట్టి అది నెత్తిన పడేది. చాకలికి ఒక వెట్టి, కుమ్మరికి ఒక వెట్టి, మాదిగకు ఒక వెట్టి. ఆదిలాబాద్ అడవుల్లో గోండులు, కోలాములు జంగ్లాత్ సిబ్బందికి చేసిందీ వెట్టే.

జీతం ఇంకొకటి. అప్పు తీసుకొని, ఏడాదికి ఇంత అని మాట్లాడుకొని, ఆసామి ఇంట్లో పగలూ రాత్రీ పడివుండేవాడు జీతగాడు. ఏడాది తిరిగినా అప్పు తీరదు. తండ్రి అప్పుకు కొడుకు పశువుల కాడికి వస్తాడు. 'జీవితం' నుంచే 'జీతం' వచ్చిందని నిఘంటువులు చెబుతాయి. బతుకంతా తాకట్టు పెట్టించుకునే ఏర్పాటుకు ఆ పేరు స్థిరపడింది. నెల మొదట్లో బడిపంతులుగా నేను తీసుకునేదీ జీతమే. "జీతం వచ్చింది" అని నేనన్నప్పటి మాటా, "పిలగాన్ని జీతం పెట్టిన" అని ఒక తండ్రి అన్నప్పటి మాటా రాతలో ఒకటే, బతుకులో కాదు.

కైకిలి ఏ రోజుకారోజు. పొద్దుగూకగానే కూలి చేతికొస్తుంది. రేపు రానని చెప్పడానికి కొంతైనా వీలుంది. గుత్తలో పని మొత్తానికి ఒక రేటు. అక్కడ మేస్త్రీ అరవనక్కరలేదు, కూలి తన ఒంటిని తానే తోలుకుంటాడు. బదులు పోవడంలో పైసలే లేవు: నీ చేనులో ఇవాళ నేను, నా చేనులో రేపు నువ్వు. బొగ్గుబాయిలో పని 'డ్యూటీ' అయింది. అక్కడ మస్టర్ వుంది, షిఫ్టు వుంది, రాని రోజుకు 'నాగా' అనే పేరు వుంది. ఊళ్లో సూర్యుణ్ణి చూసి పని చేసినవాడు తట్టా చెమ్మస్ పట్టుకొని బాయి దిగాక గడియారానికి కట్టుబడ్డాడని ఈ మాటలే చెబుతున్నాయి.

ఈ మాటలు పర్యాయపదాలు కావనడానికి సాక్ష్యం మన చరిత్రలోనే వుంది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలాది రైతుకూలీలు కదిలారు. అదే అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆనాటి సంఘాలు వెట్టి బందు కావాలన్నాయి. జీతాలూ కూలి రేట్లూ పెరగాలన్నాయి. ఒకదాన్ని రద్దు చేయమన్నారు, మరొకదాన్ని పెంచమన్నారు. నిఘంటువు ఒకే గాటన కట్టిన మాటలను జనం పోరాటంలో విడదీశారు.

చట్టంలోనూ ఇదే పేచీ. 1976లో వచ్చిన బాండెడ్ లేబర్ నిర్మూలన చట్టం ఇంగ్లీషు మాట ఒక్కటే చాలదని గ్రహించి, దేశంలోని స్థానిక పేర్లను జాబితాగా ఇచ్చింది. అందులో భగేలా, జీతా, పాలేరు, వెట్టి వున్నాయి. తెలుగులో మాత్రం అది 'వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం'గా వాడుకలోకి వచ్చింది. ఇప్పుడు విచారణకొచ్చిన అధికారి "నువ్వు వెట్టి చేస్తున్నావా?" అని జీతగాణ్ణి అడిగాడనుకుందాం. "లేదు సారూ, అప్పు తీసుకున్న, జీతం ఉన్న" అంటాడతను. అది నిజమే. ఆ నిజం వల్లనే అతని పేరు కాగితానికి ఎక్కకపోవచ్చు. మాట ఎంపిక ఒక మనిషిని చట్టం లోపల నిలబెడుతుంది, లేదా బయటికి నెడుతుంది.

ఇక సాహిత్యం. అల్లం రాజయ్య 'కొలిమంటుకున్నది' వంటి నవలను ఇంకో భాషలోకి తెచ్చేవారు ఈ మాటలన్నిటికీ 'లేబర్' అని రాస్తే కథ మిగులుతుంది, ఆ కథను నడిపించిన సంబంధాలు మిగలవు. అయితే అనువాదకుణ్ణి తప్పుపట్టే ముందు మన ఇంటిని చూసుకోవాలి. మన కవితల్లో శ్రమ, స్వేదం, శ్రమజీవి కుప్పలుగా వున్నాయి. ఆ చెమట వెట్టివాడిదో, గుత్తకు నాటేసే ఆడకూలిదో, బాయిలో ఫిల్లర్‌దో తెలియదు. ఎవరిదో తెలియని చెమట ఎవరినీ కదిలించదు.

దీనికి ఒక ఆక్షేపణ వస్తుంది. ఇన్ని ముక్కలుగా విడదీస్తే శ్రామికవర్గ ఐక్యత ఏమవుతుంది, అందరినీ కలిపే మాట అక్కరలేదా అని. అక్కరే. కాని కలిపే మాట తేడాలను తెలుసుకున్నాక రావాలి, వాటిని దాటవేసి కాదు. 'రైతుకూలి సంఘం' అనే పేరు చూడండి. కొద్దిపాటి భూమి వున్నవాణ్ణీ, ఏమీ లేనివాణ్ణీ ఇద్దరినీ పేరు పెట్టి పిలిచి ఒక్కచోట నిలబెట్టింది. సిద్ధాంతానికి 'శ్రమ' కావాలి. కథ మాత్రం కైకిలి దగ్గర మొదలుకావాలి.

ఇవన్నీ పాత సంగతులనుకోవద్దు. 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చి, 2006లో తొలి విడతలోనే ఈ రెండు జిల్లాల్లో అమలైతే, జనం దాన్ని 'కరువు పని' అన్నారు. ప్రభుత్వం హామీని చూసింది, జనం కరువును చూశారు. 'లేబర్' కూడా మన మాటల్లో చేరిపోయింది. "లేబర్ దొరుకుతలేరు" అన్నప్పుడు అది పని కాదు, మనుషులు. పట్నంలో లేబర్ అడ్డా మీద పొద్దున్నుంచీ నిలబడి, ఎవరూ పిలవక ఇంటికి మళ్లినవాడు ఆ రోజు పని చేయలేదు, అయినా లేబరే. గల్ఫ్‌లో లేబర్ క్యాంపు వుంది. యజమానిని విడిచి కాగితాలు లేకుండా బతికేవాడికి 'కల్లివెల్లి' అని కొత్త పేరు పడింది. అరబ్బీ యాస నుంచి వచ్చిన ఆ మాట ఇవాళ కరీంనగర్ పల్లెల్లో ఏ ముసలమ్మకైనా తెలుసు. మన కథల్లో దానికి రావలసినంత చోటు రాలేదు.

కనుక రాసేవాళ్లు 'పని' అని కలం పెట్టే ముందు అడగవలసిన ప్రశ్నలున్నాయి. చేయించేది ఎవరు? మానేస్తే ఏమవుతుంది? కూలి నిర్ణయించేది ఎవరు? వీటికి జవాబు దొరికితే సరైన మాట దానంతటదే వస్తుంది. అది నిఘంటువులో లేకపోతే ఆ లోటు నిఘంటువుది. ఊళ్లో వెతికితే దొరుకుతుంది.