సోమవారం లాగిన్ ఎన్నింటికి?

‘మీ కంపెనీలో వర్క్ కల్చర్ ఎలా ఉంటుంది?’ అని నా పాడ్‌కాస్ట్‌లో ఐటీ ఉద్యోగులని అడిగితే వచ్చే జవాబు నాకు కంఠతా వచ్చు. అందరం ఒక కుటుంబంలా ఉంటాం, మేనేజర్ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వగైరా. హెచ్‌ఆర్ వాళ్లు రాసిచ్చినట్టే. అందుకే ఆ ప్రశ్న మానేశాను. ‘సోమవారం లాగిన్ ఎన్నింటికి? ఆఖరి కాల్ ఎన్నింటికి అయింది?’ అని అడుగుతాను. మాదాపూర్‌లో టెస్టింగ్ లీడ్‌గా చేసే ఒకావిడ వేళ్ల మీద లెక్కపెడుతూ చెప్పుకొచ్చింది: పొద్దున తొమ్మిదిన్నరకి స్టాండప్, సాయంత్రం పాపని స్కూలు బస్సు దిగేచోటు నుంచి తెచ్చుకోవడం, రాత్రి తొమ్మిదికి అమెరికా క్లయింట్. ‘మ్యూట్‌లో పెట్టి అన్నం కలిపి తినిపిస్తానండీ’ అంది. ఆ ఒక్క మాటకి వచ్చినన్ని మెసేజ్‌లు ఏ సీఈఓ ఎపిసోడ్‌కీ రాలేదు.

పెద్దవాళ్లు మైకు ముందు ఏమన్నా చెల్లుతుంది. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ సహ వ్యవస్థాపకుడు నారాయణమూర్తి అన్నది పాడ్‌కాస్ట్‌లోనే, ‘ది రికార్డ్’లో మోహన్‌దాస్ పాయ్‌తో మాట్లాడుతూ. దేశమంతా వాదించుకుంది. ఆయనకు పోయిందేమీ లేదు. అది కుదరదండీ అని చెప్పడానికి నా దగ్గరకొచ్చే ఇంజనీరు మాత్రం ముందు తన పేరు మార్చమంటాడు, తర్వాత కంపెనీ పేరు తీసేయమంటాడు, ఇంటికెళ్లాక ప్రాజెక్టు ఊసూ వద్దని వాట్సాప్ పెడతాడు. నోటీస్ పీరియడ్‌లో ఉన్నవాడైతే మరీను! రిలీవింగ్ లెటర్ చేతికొచ్చేదాకా బిక్కుబిక్కుమంటూనే ఉంటాడు.

స్టూడియో అంటారా, మా పడగ్గదే. ఫ్యాను ఆపేసి బీరువా తలుపులు బార్లా తెరుస్తాను. లోపల వేలాడే చీరలు గది మోతని చాలావరకు మింగేస్తాయి. పక్కింటి కుక్కర్ విజిల్‌కి మాత్రం మందు లేదు.

అసలు పని ఎడిటింగ్‌లో. గొంతు మార్చినంత మాత్రాన మనిషి దాగడు. లేఆఫ్‌లో ఉద్యోగం పోయిన ఒకతను మాటకి ముందొకసారి, వెనకొకసారి ‘బేసికల్‌గా’ అంటాడు. టీమ్‌లో ఎవరు విన్నా ఇట్టే పట్టేస్తారు. కూర్చుని ఒక్కొక్కటీ ఏరి తీసేశాను. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో ఎప్పుడు చెప్పావని అడిగాక అతను ఊరుకుండిపోయిన ఆ కాసేపు మాత్రం అలాగే ఉంచాను. ‘ఆ గ్యాప్ ఏంటి, ఆడియో పోయిందా?’ అని అడిగినవాళ్లూ ఉన్నారు.

లేఆఫ్‌ల ఎపిసోడ్లు ఆపి ఏఐ కోర్సుల మీద చేస్తే స్పాన్సర్ చేస్తామని ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు అడిగారు. డబ్బు అవసరమే గానీ వద్దన్నాను. అక్కడ చేరే కుర్రాళ్లకే ముందు ఈ ఎపిసోడ్లు వినిపించాలి.

మేనేజర్లు కూడా వింటారని తెలుసు. ఏ గొంతు ఎవరిదని కూపీ లాగకండి. మీకూ చెప్పుకోవాల్సింది ఉంటే రండి, మీ పేరూ మారుస్తాను.