ఖాతాలు: ఒక టేబులా, నాలుగు టేబుళ్లా?

సేవింగ్స్, ఫిక్స్‌డ్ డిపాజిట్, లోన్ ఖాతాలన్నిటినీ ఒకే టేబుల్లో పెట్టి, పక్కన 'రకం' అనే కాలమ్ తగిలించడం మన డెవలపర్లకు కొట్టిన పిండే. మార్టిన్ ఫౌలర్ 2002 నాటి తన పుస్తకంలో దీన్ని సింగిల్ టేబుల్ ఇన్‌హెరిటెన్స్ అన్నాడు. రైల్స్‌ది ఈ దారే. జాంగోలో మోడల్‌ను విస్తరిస్తే మాత్రం టేబుళ్లు విడిపోతాయి. ఖాతా నంబరు, తెరిచిన తేదీ తల్లి టేబుల్లో ఉంటాయి, వడ్డీ రేటు, గడువు లాంటివి పిల్ల టేబుళ్లలో. పిల్ల ప్రైమరీ కీయే తల్లిని చూపే ఫారిన్ కీ.

ఒకే టేబుల్‌ను నల్‌ల కుప్ప అని తీసిపారేసేవాళ్లు ఉన్నారు. పోస్ట్‌గ్రెస్‌లో నల్‌కు బిట్‌మ్యాప్‌లో ఒక్క బిట్ చాలు, కాబట్టి స్థలం గురించిన గోల అనవసరం. జాయిన్ లేకుండా ఖాతాలన్నీ చదవగలగడం చిన్న సుఖమేమీ కాదు. చిక్కల్లా నియమాలతోనే. డిపాజిట్‌కు గడువు తేదీ తప్పనిసరి, కానీ సేవింగ్స్ వరుసలు అడ్డొస్తాయి గనక ఆ కాలమ్‌కు నాట్ నల్ పెట్టలేం. చెక్ కన్‌స్ట్రెయింట్ రాసుకోవాలి. మైఎస్‌క్యూఎల్ అయితే 8.0.16కి ముందు దాన్ని చదివి ఊరుకునేది, అమలు చేసేది కాదు!

విడి టేబుళ్లలో ఆ బాధ లేదు. ఈఎంఐల టేబుల్ నేరుగా లోన్ టేబుల్‌నే చూపుతుంది, సేవింగ్స్ ఖాతా మీద ఈఎంఐ రాద్దామన్నా కుదరదు. అయితే ఒకే ఖాతా నంబరును లోన్ టేబుల్లోనూ డిపాజిట్ టేబుల్లోనూ చేర్చితే ఫారిన్ కీ కిక్కురుమనదు. తల్లి ఉందా లేదా అన్నంతవరకే దాని విచారణ, తోబుట్టువుల సంగతి దానికి పట్టదు.

దీనికి మందు అవతలి పక్షం దగ్గరే ఉంది. తల్లి టేబుల్లో 'రకం' పెట్టి, నంబరు, రకం జతకు యూనిక్ ఇవ్వాలి. పిల్లలోనూ రకం కాలమ్ ఉంచి, లోన్ టేబుల్లో అది 'లోన్' అయి తీరాలని చెక్ కన్‌స్ట్రెయింట్ రాసి, ఫారిన్ కీని ఆ జతకే కట్టాలి. ఇక ఒక ఖాతా రెండు రకాలు కాలేదు. అలాగే ఒకే టేబుల్ పక్షం వాళ్లు ఈఎంఐలను లోన్ వరుసలకే పరిమితం చేయాలన్నా ఇదే జత కీ కావాలి.

తల్లి వరుస రాసి పిల్ల వరుస మరిచిపోతే మాత్రం ఈ కీ పట్టుకోలేదు. అక్కడ ఒకే టేబుల్‌దే పైచేయి, ఒక చెక్ కన్‌స్ట్రెయింట్‌తో పని అయిపోతుంది. మీరు ఏ పక్షమైనా సరే, ఆ జత యూనిక్‌ను స్కీమా మొదటి రోజే రాసి పెట్టండి.