కోటి డిగ్రీలంటే నమ్మేదెలా?

నాచారం పారిశ్రామికవాడలో దుమ్ముకు కొదవ లేదు. లేజర్లు బాగుచేసేవాళ్లకు అంతకు మించిన శత్రువూ లేదు. అందుకే కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్లకు మేం ముందు నేర్పేది అద్దం తుడవడం. లెన్స్ టిష్యూ మీద అసిటోన్ చుక్క వేసి, అద్దం మీదుగా ఒకే దిశలో ఒక్కసారి లాగాలి. ఆ టిష్యూ ఇక చెత్తబుట్టకే. దాంతోనే మళ్లీ రుద్దితే గీత పడుతుంది. నలుసు వదిలేస్తే, లేజర్ పల్స్ తగలగానే అద్దం పూత అక్కడే కాలి గుంట పడుతుంది.

ఈ చాదస్తానికి కారణముంది. నియోడిమియం యాగ్ లేజర్ ఒక్క జౌల్ శక్తిని 10 నానోసెకన్లలో వదిలిందంటే, ఆ కాసేపూ దాని పవర్ 10 కోట్ల వాట్లు. పైగా ఆ 1064 నానోమీటర్ల కాంతి కంటికి కనబడదు, రెటీనాను మాత్రం కాల్చేస్తుంది. గాగుల్స్ పెట్టుకోనివాణ్ని బల్ల దరిదాపులకు రానివ్వం.

కేంద్రకాలను కలిపే ఫ్యూజన్ ప్రయోగాల్లో ప్లాస్మా వేడిని కొలిచేదీ ఇలాంటి పల్సులతోనే. అంత వేడికి ఏ థర్మామీటరూ నిలవదు. పల్స్ లోపలికి వెళ్తే ఎలక్ట్రాన్లు అందులో రవ్వంత కాంతిని చెదరగొడతాయి. అవి ఎంత జోరుగా పరిగెత్తితే, చెదిరిన కాంతి వర్ణపటం అంత వెడల్పవుతుంది. ఆ వెడల్పును బట్టి వేడి, వచ్చిన కాంతి మొత్తాన్ని బట్టి సాంద్రత తెలుస్తాయి. దీన్నే థామ్సన్ స్కాటరింగ్ అంటారు. చిక్కేమిటంటే, పంపిన ఫోటాన్లలో లక్ష కోట్లకు ఒకటైనా డిటెక్టర్ దాకా రాదు. గోడలకు తగిలి వచ్చే దొంగ కాంతిని ఆపడానికే సగం శ్రమ పోతుంది.

1968లో సోవియట్ శాస్త్రవేత్తలు ప్లాస్మాను అయస్కాంత క్షేత్రంతో బంధించే టీ-3 టోకమాక్ యంత్రంలో కోటి డిగ్రీల వేడి సాధించామంటే పాశ్చాత్యులు చాలామంది నమ్మలేదు. ఆ బృందానికి పెద్ద అయిన ఆర్ట్‌సిమోవిచ్ అలగలేదు. వచ్చి కొలుచుకోమని బ్రిటన్ వాళ్లనే పిలిచాడు. ప్రచ్ఛన్నయుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో, 1969లో బ్రిటన్‌లోని కల్హామ్ ప్రయోగశాల బృందం రూబీ లేజర్ మోసుకుని మాస్కో వెళ్లింది. థామ్సన్ స్కాటరింగ్‌తో కొలిచి చూస్తే లెక్క నిజమేనని తేలింది. ప్రపంచం టోకమాక్‌ల వైపు మళ్లింది అప్పుడే. మన గాంధీనగర్‌లో 1989లో పనిచేయడం మొదలుపెట్టిన ‘ఆదిత్య’ కూడా ఆ కోవలోదే.

మాకు కూతవేటు దూరంలోనే ఏఎస్ రావు గారు పెంచిన, అణు రంగానికి ఎలక్ట్రానిక్ పరికరాలు చేసే ఈసీఐఎల్, అణు ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీ ఉన్నాయి. కేంద్రకాన్ని చీల్చి కరెంటు తీసే విద్య ఈ తూర్పు హైదరాబాద్‌కు యాభై ఏళ్లకు పైగా అలవాటే. కేంద్రకాలను కలిపే విద్య ఇంకా ప్రయోగశాల గడప దాటలేదు. అది దాటే రోజున మన ఉప్పల్, నాచారం పిల్లలకూ పని దొరకాలంటే కొలిచే విద్య ఇప్పుడే పట్టుబడాలి.

వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఎవరైనా పెద్ద అంకె చెబితే, ఎలా కొలిచారని అడగండి. మిమ్మల్ని అడిగితే నొచ్చుకోకండి. ఆర్ట్‌సిమోవిచ్ అంతటివాడే పిలిచి మరీ కొలిపించుకున్నాడు.