ప్రతిమాగృహమును, తొలగిన పటములును

భాసుని ప్రతిమానాటకమున మూడవ యంకము మిక్కిలి ప్రశస్తమైనది. మేనమామ యింటినుండి అయోధ్యకు మరలివచ్చుచున్న భరతుడు పురసమీపముననున్న యొక మందిరమును ప్రవేశించును. అందు నాలుగు ప్రతిమలు కలవు. దేవతలనుకొని నమస్కరింపబోయిన యతనిని దేవకులికుడు వారించి, దిలీపుడు, రఘువు, అజుడు అని వరుసగా తెలుపును. జీవించియున్నవారి ప్రతిమల నచట నిలుపరని విన్నంతనే, నాలుగవ ప్రతిమవలన భరతునికి తండ్రి మరణము తెలియవచ్చును.

ఈ ఘట్టమున కరుణరసమును మెచ్చినవారు పెక్కురు. మేము దేవకులికుని పాత్రను గూడ మెచ్చుచున్నాము. అతడు లేకున్న భరతునికి తన పూర్వులు పేరులేని శిలలుగనే యుండిపోవుదురు. రూపమును, పేరును, చెప్పువాడును కలిసిననే పూర్వికుని జ్ఞాపకము నిలుచును.

చెన్నపట్టణమున 1802లో పూర్తియైన విందుల మందిరమును గైకొందము. ప్లాసీ, శ్రీరంగపట్టణ విజయములకు గుర్తుగా ఎడ్వర్డు క్లైవు గవర్నరుగా నున్నపుడు, గోల్డింగ్‌హామను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు దానిని నిర్మించెను. దాని గోడలపై గవర్నర్ల పటములుండెడివి. పరపాలనము ముగిసిన పిదప ఆ మందిరము రాజాజీ హాలయ్యెను. ఆ పటములలో పెక్కులు, 1948లో తెరవబడిన సెయింటు జార్జి కోట ప్రదర్శనశాలకు చేరెను.

ఇట్టి తొలగింపును మేము తప్పుపట్టము. స్వతంత్రమైన జాతి తన భవనమున నెవరిని గౌరవింపవలెనో తానే నిర్ణయించుకొనును. 2020 జూన్ 18న అమెరికా ప్రతినిధిసభాధ్యక్షురాలు పెలోసీ, దక్షిణపు తిరుగుబాటు పక్షమున నిలిచిన నలుగురు పూర్వాధ్యక్షుల పటములను కాపిటల్ భవనమునుండి తీయించెను. వారి పేర్లను, తీయించుటకు గల కారణమును బహిరంగముగా తెలిపెను. కావున గోడ బోసిపోయినను చరిత్రము మరుగుపడలేదు.

దొరల పటములెక్కడికి పోయిన మనకేమి యని కొందరందురు. మన్రోను తలచుడు. అతడు 1800 మొదలు 1807 వరకు దత్తమండలములకు ముఖ్య కలెక్టరు. గవర్నరై, 1827లో పత్తికొండలో కన్నుమూసెను. అతడు వేసిన శిస్తును మోసినది అనంతపురము, కడప, బళ్లారి సీమల రైతులు. ఆతని వంశీయునికి పూర్వికుని ముఖమును చూడగోరు హక్కు కలదేని, ఆ రైతుల మునిమనుమలకు తమ్మేలినవానిని గుర్తించు హక్కు అంతకంటె తక్కువదా?

మన పురమందిరములలో, పాఠశాలలలో, గ్రంథాలయములలో జరుగునది వేరు. సున్నము వేయుటకు దింపిన పటము మరల గోడకెక్కదు. చట్రము విరుగును, పేరుగల రేకు ఊడును, తరువాతి గుమాస్తాకు అది ఎవరో ముసలివాని బొమ్మ. మనుమడు వచ్చి యడిగిన సమాధానము చెప్పువాడుండడు. అట్టివాడు పటము వెనుకటి వ్రాతను, చందాలు పోగుచేసినప్పటి తీర్మానములను, పాత సామానుల పట్టీలను, నాటి పత్రికలను వెదకవలసినదే. ఏండ్లు పట్టు నీ శ్రమను ఒక్క పుట వ్రాత తప్పించియుండును.

కావున మా కోరిక స్వల్పము. పటమును దింపుటకు ముందే అది ఎవరిదో, వ్రాసినదెవరో, ఇచ్చినదెవరో, ఏ తేదీన ఎవరి యుత్తరువుపై ఎచటికి పంపబడినదో ఒక పుస్తకమున వ్రాయవలెను. ఆ పుస్తకమును అడిగినవారికెల్ల చూపవలెను. దింపుటయా, నిలుపుటయా యను వాదము అటుపిమ్మట ఎంతకాలమైనను సాగవచ్చును.